పాడైతే ఏం చేస్తావ్: పెళ్లిళ్లకు కెమెరా ఎంచుకోవడం గురించి

(ఆగస్టు 19న, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం రోజు, ఒక జిల్లా ఫోటోగ్రాఫర్ల సంఘం సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే రాశాం. ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట మాత్రం కత్తిరించాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? సరే. శ్రావణమాసంలో ఇంతమంది పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఒకేచోట కూర్చున్నారంటే ఇవాళ ముహూర్తం లేదన్నమాట. (నవ్వులు) రాత్రికి రిసెప్షన్ ఉన్నవాళ్లు గుమ్మం పక్క కుర్చీల్లో కూర్చున్నారు, అదీ చూశాను. మీరు లేచి వెళ్లిపోయినా నేనేమీ అనుకోను, నేనూ అలాగే వెళ్లిపోయేవాణ్ణి.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే పెళ్లిళ్లకు ఏ కెమెరా కొనాలి, ఫిలిమా డిజిటలా అని. ఫిలిమా డిజిటలా అనే ప్రశ్న పదేళ్ల కిందటే అయిపోయిందనుకున్నాను, మళ్లీ లేచింది, దాని సంగతి తర్వాత చెప్తా. ముందు కెమెరా సంగతి. వారానికి ఒకరిద్దరు కుర్రాళ్లు నాకు ఫోన్ చేస్తారు, "సార్, ఫలానా మోడల్ తీసుకుందామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని. నేను మెగాపిక్సెళ్లు అడగను, బడ్జెట్ కూడా అడగను. "పెళ్లి మధ్యలో అది పాడైతే ఏం చేస్తావ్?" అని అడుగుతా. అటువైపు కాసేపు మాట ఉండదు. తర్వాత, "కొత్తదే కదా సార్, ఎందుకు పాడవుతుంది?" అంటాడు. కొత్తదైతే పాడవదని ఎవరు చెప్పారు నాయనా నీకు.

కొండలూ చెరువులూ తీసేవాడికి ఇవాళ కుదరకపోతే రేపుంది. కొండ ఎక్కడికీ పోదు. మన పని అలాంటిది కాదు. జీలకర్ర బెల్లం ఎంతసేపుంటుంది? మధ్యలో తెర పట్టుకుని ఇద్దరు, ఆ పక్కన మేనమామ, ఈ పక్కన తోడపెళ్లికూతురు, వెనకాల సెల్‌ఫోన్లు పైకెత్తిన ముప్ఫై చేతులు. ముహూర్తం నిమిషం రాగానే భజంత్రీలు ఒక్కసారి ఎత్తుకుంటారు, ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి పడతాయి, తెర తీస్తారు, ఇద్దరూ చూసుకుంటారు. ఆ చూపు రెండు సెకన్లు. పంతులుగారు మళ్లీ చేయించరు. అందుకని పెళ్లి కెమెరా ఎంత బాగా తీస్తుందన్నది రెండో ప్రశ్న. ఎలా మొండికేస్తుంది, మొండికేసినప్పుడు నాకు ఆ క్షణమే తెలుస్తుందా, తెలిస్తే చేతిలో ఇంకోటి ఉందా, ఇవి మొదటి ప్రశ్నలు.

ఇది నాకెలా తెలిసిందో చెప్తా, సిగ్గుపడకుండా చెప్తా, ముప్ఫై ఏళ్లు కావస్తోంది కాబట్టి.

1996 వైశాఖం. తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకు ముహూర్తం, ఊళ్లో ఇంటి ముందు పందిరి. నా దగ్గర 35 ఎంఎం కెమెరా ఒకటి, మా గురువుగారు బలవంతంగా సంచిలో పెట్టిన పాత యాషికా ట్విన్ లెన్స్, అంటే ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే కెమెరా, ఒకటి. ముహూర్తానికి పది నిమిషాల ముందు రీలు అయిపోయింది. పెళ్లి పందిట్లో గాభరాగా కొత్త రీలు ఎక్కించాను. ఎక్కించాననుకున్నాను. రీలు నాలుక స్పూలు గాడిలోకి సరిగా దిగలేదు. మూత వేసేశాను. లివర్ తిప్పుతున్నా, క్లిక్ మంటోంది, ఫ్లాష్ వెలుగుతోంది, కౌంటరు ముందుకు కదులుతోంది. జీలకర్ర బెల్లం తీశా, మంగళసూత్రం తీశా, ఒక్కటీ వదల్లేదు. 36 అయింది, 37 అయింది, 38కి లివర్ ఇంకా హాయిగా తిరుగుతోంది. అప్పుడు గుండె జారింది. 36 దాటితే లివర్ బిగుసుకోవాలి కదా. రీవైండ్ పిడి తిప్పి చూస్తే బిగువే లేదు, గుండ్రంగా తిరుగుతోంది. అంటే రీలు డబ్బాలోనే ఉంది, నేను గాలికి ఫోటోలు తీశాను.

ఆ పిడి రీలుతో పాటు తిరుగుతుందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. లివర్ లాగిన ప్రతిసారీ ఎడమచేతి వైపు పిడి తిరగాలి, తిరగకపోతే రీలు కదలడం లేదని అర్థం. అంతే, ఒక్క చూపు చాలు. ఆ చూపు ఎవరూ నేర్పలేదు, నేర్పినప్పుడు నేను వినలేదో మరి. యాషికాలో నాలుగు ఫ్రేములు మిగిలి ఉంటే వాటితో తలంబ్రాలు తీశాను. నాలుగే.

తెల్లారాక పెళ్లికూతురి నాన్నగారి దగ్గరికెళ్లి ఉన్నమాట చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు, అదే భయంగా ఉంది. పంతులుగారిని పిలిచి అడిగారు. "మంత్రం చదవను, ముహూర్తం దాటింది. ఊరికే చేతులు పెట్టుకుని కూర్చోమనండి, ఫోటోకి దోషం లేదు" అన్నారాయన. అలా తీశాం. బాగానే వచ్చింది, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. కానీ దగ్గరికెళ్లి చూడండి, జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న పెళ్లికూతురి మెడలో అప్పటికే తాళి ఉంటుంది, జుట్టులో తలంబ్రాల బియ్యం ఉంటాయి. (నవ్వులు) నవ్వండి, పర్లేదు. నేను ఆ ఇంటికి ఎప్పుడెళ్లినా ఆ గోడ వైపు చూడను.

కాబట్టి ఫిలిం మొరాయిస్తే చెప్పదు. అదీ దాని గుణం. ల్యాబ్‌లో రీలు కడిగేదాకా నీకు తెలియదు. ఇంకో రకం కూడా చెప్తా. గుడ్డ షట్టర్ ఉండే 35 ఎంఎం కెమెరాల్లో ఫ్లాష్‌తో తీయాలంటే షట్టర్ స్పీడు సెకనులో 1/60 దాటకూడదు. చేతి వేలు తగిలి ఆ చక్రం 1/250 మీదికి వెళ్లిందా, ఫ్లాష్ కొట్టేసరికి వెనకాల వచ్చే షట్టర్ తెర కొంత భాగాన్ని అప్పటికే మూసేస్తుంది. గుడ్డ తెర అడ్డంగా కదులుతుంది కాబట్టి ఫోటోలో ఒక పక్క మాత్రమే పడుతుంది. పెళ్లికూతురు చక్కగా ఉంటుంది, పెళ్లికొడుకు ఉండాల్సిన చోట నలుపు. రీలంతా అంతే. మా వయసు వాళ్లలో ఈ ఫోటో తీయనివాడెవడైనా ఉంటే చెయ్యెత్తండి. ఊఁ, ఎవరూ లేరు.

మా గురువుగారు పెళ్లిళ్లకు ట్విన్ లెన్స్ వదలకపోవడానికి కారణం అదే. నేను చాలా ఏళ్లు అది పాతకాలపు మొండితనం అనుకున్నా. ఆ కెమెరాల్లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది, ఆకుల్లా తెరుచుకుంటుంది, 1/500 దాకా ఏ స్పీడులోనైనా ఫ్లాష్ కలుస్తుంది. సగం నల్లబడే ప్రసక్తే లేదు. పైగా 120 రీలు నెగటివ్ పెద్దది, ఆరు సెంటీమీటర్ల చదరం, గోడకు పెట్టే సైజు చేసినా పగలదు. కష్టమేంటంటే రీలుకు 12 ఫోటోలే, పైనుంచి తొంగి చూడాలి, పైగా కుడి ఎడమలు తారుమారు, పెళ్లికూతురు కుడికి జరిగితే అద్దంలో ఎడమకు జరుగుతుంది. ఆ పన్నెండింటితో ఆయన పెళ్లి నడిపించేవారు. ఫ్లాష్ బలం చెప్పే గైడ్ నంబర్ 120 అడుగులు, 100 స్పీడు ఫిలిం, మనిషి 15 అడుగుల దూరంలో ఉంటే 120ని 15తో భాగించు, 8 వస్తుంది, ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, 8 పెట్టు. పది అడుగులైతే 12, అంటే 11కీ 16కీ మధ్య, 11కు దగ్గరగా. ఆయన లెక్క నోటితో చెప్పేవారు కాదు, అడుగు ముందుకేసి వేలితో తిప్పేసేవారు. మీటరు లేదు, తెర లేదు, లెన్సులోంచి వచ్చే వెలుగు కొలిచి ఫ్లాష్‌ని సర్దే టీటీఎల్ లేదు.

ఇదంతా చెప్పి ఫిలిమే గొప్పదని తేలుస్తానని చూస్తున్నట్టున్నారు. లేదు. ఆ రోజుల్లో నాకు ముహూర్తం ముందు కడుపులో తిప్పేది, అది మళ్లీ నాకొద్దు.

డిజిటల్‌కి వద్దాం. నేను మారింది 2005లో, 6 మెగాపిక్సెళ్ల కెమెరాతో. మొదటి పెళ్లిలోనే దెబ్బతిన్నా, ఈసారి తప్పు చేతిది కాదు, అలవాటుది. నెగటివ్ ఫిలింకి ఏం నేర్పారు మాకు? వెలుగు కాస్త ఎక్కువైనా పర్లేదు, తక్కువ కాకూడదు. కలర్ నెగటివ్ రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుగు, ఎక్కువ పడినా ప్రింటులో ల్యాబ్ వాడు లాక్కొస్తాడు, తక్కువైతే బురదలా వస్తుంది. డిజిటల్ దానికి పూర్తిగా ఉల్టా. చీకటిని తర్వాత కొంత లేపొచ్చు, తెల్లగా కాలిపోయిన చోట మాత్రం ఏమీ ఉండదు, రాలో, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలులో, తీసినా రాదు. మరి మన పెళ్లిళ్లలో మధుపర్కాలు! తెల్ల బట్ట, ఎర్రంచు. నేను పాత అలవాటుగా అర స్టాపు ఎక్కువిచ్చుకుంటూ పోయాను, అది కూడా జేపెగ్‌లో. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పెళ్లికొడుకు ఒంటి మీద బట్ట లేదు, తెల్ల కాగితం ఉంది, దాని చుట్టూ ఎర్రంచు తేలుతోంది. నేత గీతలు, మడతలు, పసుపు మరకలు, ఏవీ లేవు. ఫిలింలో పనిచేసి డిజిటల్‌కి వచ్చిన ప్రతివాడూ చేతిని మళ్లీ మొదట్నుంచి మరిచిపోవాల్సి వచ్చింది. మీరు అదృష్టవంతులు, మీకు ఆ పాత చెయ్యి లేదు. అయినా తెర మీద మరీ తెల్లబడిన చోటు మెరిసి చూపించే హైలైట్ మెరుపు ఆన్ చేసుకోండి, మధుపర్కం మెరుస్తుంటే ఒక మెట్టు తగ్గించండి.

డిజిటల్ పాడయ్యే తీరు వేరు. కెమెరా చెడిపోవడం కాదు నా భయం, ఫోటోలు దాచే మెమరీ కార్డు. ఫిలింలో రీలు పోతే 36 పోయేవి, మిగతా నాలుగు రీళ్లు ఉండేవి. కార్డు పోతే పెళ్లికి పెళ్లే పోతుంది, పెళ్లికూతుర్ని చేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా. అందుకే నా మాట ఏంటంటే, రెండు కార్డులు పెట్టే గాడులు లేని బాడీ, అంటే లెన్సు కాకుండా మిగతా కెమెరా, పెళ్లికి మెయిన్ కెమెరాగా కొనకండి. ఎంత బాగున్నా, ఎంత తేలిగ్గా ఉన్నా, యూట్యూబ్‌లో ఎవడు ఎంత పొగిడినా. ఇది ఖరీదుతో ముడిపడిన విషయం అనుకుంటారు, అంత కాదు. 2014లో వచ్చిన నికాన్ డి750కి రెండున్నాయి. కానన్ 5డి మార్క్ 3కి రెండున్నాయి, ఒకటి సీఎఫ్ రకం కార్డుకి, ఒకటి ఎస్‌డీ రకం కార్డుకి. 2018లో వచ్చిన సోనీ ఏ7 3కి రెండు. అదే ఏడు నికాన్ జడ్6 ఒకే గాడితో వచ్చింది, 2020లో జడ్6 2కి రెండో గాడి పెట్టారు. కానన్ ఆర్6కి రెండున్నాయి, ఆర్8కి ఒకటే. ఇలా చూసుకుంటూ పోవాలి. చూసి కొన్నాక కూడా, ఆ రెండో గాడిని "మొదటిది నిండాక రెండోది" అని పెట్టుకునేవాళ్లున్నారు. అలా పెడితే రెండు గాడులున్నా ఒకటున్నట్టే. రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టాలి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు కెమెరాని బట్టి పాతిక నుంచి యాభై ఎంబీ దాకా ఉంటుంది. ముప్ఫై అనుకున్నా, నాలుగు వేల ఫోటోలకు 120 జీబీ. కార్డులు ఇప్పుడేమంత ఖరీదు కాదు, డ్రోన్ కొనే ముందు కార్డులు కొనండి.

నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి పెళ్లయిన మర్నాడు పాత కార్డనుకుని కొత్తది ఫార్మాట్ కొట్టాడు. వాడి మొహం చూడాలి. కానీ దాని మీద మళ్లీ ఏమీ తీయలేదు కాబట్టి బతికాం. ఫార్మాట్ చేస్తే సాధారణంగా లోపల ఫైళ్ల పట్టిక మాత్రమే చెరిగిపోతుంది, బొమ్మలు అలాగే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దాదాపు అన్నీ వచ్చాయి. అలాంటిది జరిగితే ఆ కార్డు తీసి జేబులో పెట్టుకోవడం తప్ప ఇంకేమీ చేయకండి, "ఒక్క ఫోటో తీసి చూద్దాం" అని అస్సలు అనకండి.

రెండో బాడీ. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి ఒక కొత్త బాడీ కొంటారు, లెన్సు కిట్‌తో వచ్చిందే, ఫ్లాష్ తమ్ముడి దగ్గర అడిగి తెచ్చుకుంటారు. నేనైతే ఆ డబ్బుతో ఒకే మోడల్ పాత బాడీలు రెండు కొంటా. ఒకే మోడల్ అని ఎందుకంటున్నానంటే బ్యాటరీ ఒకటే, ఛార్జర్ ఒకటే, కార్డు ఒకటే, బటన్లు అక్కడే ఉంటాయి, రంగు కూడా ఒకేలా వస్తుంది. ఒకటి కానన్, ఒకటి సోనీ పెట్టుకున్నవాడి ఆల్బమ్‌లో ఒక పేజీలో పెళ్లికూతురు ఎర్రగా, ఇంకో పేజీలో పసుపుగా ఉంటుంది, ఆ పసుపు నలుగు పసుపేమో అనుకుంటారు చూసేవాళ్లు. ఎడిటర్ ప్రాణం పోతుంది.

పాతది కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూడాలి. మామూలు మధ్యతరగతి బాడీలకు కంపెనీలు చెప్పేది లక్షన్నర నుంచి రెండు లక్షలు. పెళ్లికి రెండున్నర వేలు కొట్టే మనిషి ఏడాదికి నలభై పెళ్లిళ్లు చేస్తే లక్ష అయిపోయాయి. అంటే పెళ్లి ఫోటోగ్రాఫర్ రెండేళ్లు వాడిన కెమెరా అంటే టాక్సీలో తిరిగిన కారు లాంటిది. ఇంట్లో పిల్లల్ని తీసుకునే ఉద్యోగస్తుడు అమ్మేది దొరికితే తీసుకోండి, వాళ్లు అయిదేళ్లలో పదివేలు కూడా కొట్టరు.

లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆరా, అద్దం లేని మిర్రర్‌లెస్సా? మిర్రర్‌లెస్ కంటిని వెతికి పట్టుకుంటుంది, ఫోటో ఎలా పడుతుందో తీయకముందే కనిపిస్తుంది, పెళ్లికి ఇవి రెండూ గొప్ప సాయం, కాదనను. బ్యాటరీ మాత్రం తింటుంది. డి750కి ఒక ఛార్జీ మీద 1230 ఫోటోలని చెప్పారు, ఏ7 3కి 710. రాత్రి ముహూర్తమైతే మిర్రర్‌లెస్ ఉన్నవాడు మూడు బ్యాటరీలు పెట్టుకోవాలి. లెన్సులు మీ దగ్గర పాతవి ఉంటే అడాప్టర్ మీద నడుస్తాయి, కానన్ ఈఎఫ్ లెన్సులు ఆర్ బాడీల మీద బాగానే పనిచేస్తున్నాయి, అందుకని ఒకేసారి ఇల్లమ్ముకోనక్కర్లేదు.

కానీ ఒక్క విషయం. మిర్రర్‌లెస్ వచ్చాక సైలెంట్ షట్టర్ అలవాటైంది కుర్రాళ్లకు. బాగుంటుంది, చప్పుడు ఉండదు. మన పెళ్లిళ్లలో చప్పుడు లేకపోతే ఎవరికి లాభం, సన్నాయి డోలు మధ్యలో మీ షట్టర్ ఎవరికి వినపడుతుంది? (నవ్వులు) నష్టం మాత్రం ఉంది. ఆ పద్ధతిలో సెన్సర్ వరుస తర్వాత వరుస చదువుకుంటూ పోతుంది, మామూలు సెన్సర్లలో అది నెమ్మది. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుంటుంది. ఒక వరుస చదివేటప్పుడు వెలుగు, ఇంకో వరుస చదివేటప్పుడు చీకటి. ఫోటో అంతా చీర అంచుల్లా చారలు. చాలా కెమెరాల్లో ఆ పద్ధతిలో ఫ్లాష్ కూడా వెలగదు. మెకానికల్ షట్టర్ పెట్టి 1/100కో 1/50కో రండి, మామూలు బల్బుల చారలు పోతాయి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ గోడ ఉంటుంది చూశారూ, దాని లెక్క వేరు, దానికి స్పీడు మార్చి మార్చి చూసుకోవాల్సిందే, అదీ ముహూర్తానికి ముందు, అక్కడ పిల్లలు ఆడుకుంటున్నప్పుడు.

ఇక లైటు. అసలు డబ్బు ఇక్కడ పెట్టాలి, ఎవరూ పెట్టరు. బాడీ మారిస్తే ఫేస్‌బుక్‌లో పెడతారు, లైటు స్టాండు కొంటే ఎవరు లైకు కొడతారు? మన ఫంక్షన్ హాల్లో పైన పసుపు బల్బులు, స్టేజీ మీద ఊదారంగు పార్ లైట్లు, ఎదురుగా వీడియోవాళ్ల తెల్ల లైటు. ఒకే మొహం మీద మూడు రంగులు. ఏ కెమెరా కొన్నా ఏ వైట్ బ్యాలెన్సూ దీన్ని సరిచేయదు, ఎందుకంటే ముక్కుకు కరెక్టయితే చెంపకు తప్పుతుంది. డెకరేషన్ అతనితో ముందే మాట్లాడి ముహూర్తం అరగంట ఆ ఊదా లైట్లు ఆపించుకోవడం, రెండు ఫ్లాష్‌లు స్టాండ్ల మీద గొడుగులు పెట్టి రెండు పక్కలా నిలబెట్టి ట్రిగ్గర్‌తో కొట్టుకోవడం, ఇవి నాలుగు లక్షల బాడీ చేయలేని పని చేస్తాయి. ఆరుబయట షామియానా అయితే ఫ్లాష్ పైకి తిప్పి బౌన్స్ కొట్టకండి, ఎర్ర గుడ్డకి తగిలి ఎరుపు, నీలం గుడ్డకి తగిలి నీలం, పెళ్లికొడుకు నాన్నగారు శ్రీకృష్ణుడిలా వస్తారు. హోమం పొగలోకి ఎదురు ఫ్లాష్ కొట్టినా అంతే, తెల్లటి గోడ వస్తుంది. పక్క నుంచి లైటు రావాలి, అప్పుడు పొగ అందంగా లేస్తుంది.

లెన్సుల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఒక బాడీ మీద 24-70 ఎంఎం, ఇంకో దాని మీద 70-200, రెండూ ఎపర్చర్ 2.8వి. డబ్బు లేకపోతే 35, 85, ఎపర్చర్ 1.8వి, వాటితో కూడా మంచి పెళ్లి తీయొచ్చు. 70-200 ఏడాదిపాటు అద్దెకు తెచ్చుకుని చూడండి, ఎన్నిసార్లు వాడారో లెక్కేసుకుని అప్పుడు కొనండి. గ్రూపు ఫోటోకి మాత్రం 24 పెట్టి దగ్గర్నుంచి తీయకండి బాబూ, అంచున నిలబడ్డ పిన్నిగారు రెండింతలై వస్తారు, ఆవిడ ఆల్బమ్ చూసిన రోజు మీకు ఫోన్ వస్తుంది. వెనక్కి జరిగి 35లో తీయండి.

ఇప్పుడు మళ్లీ ఫిలిం. ఈమధ్య కొంతమంది జంటలు, ముఖ్యంగా అమెరికా నుంచి వచ్చి ఇక్కడ పెళ్లి చేసుకునేవాళ్లు, "అంకుల్, ఫిలింలో తీస్తారా?" అంటున్నారు. వాళ్లు ఫోన్‌లో చూపించే ఫోటోలు ఎలా ఉంటాయంటే, పగటి వెలుగు, తోట, లేత రంగులు, పాలలో ముంచి తీసినట్టుంటాయి. అవి అక్కడివాళ్లు కాంటాక్స్ 645 లాంటి కెమెరాల్లో కొడాక్ పోర్ట్రా వేసి, వెలుగు కావాలనే ఎక్కువిచ్చి తీసే పద్ధతి. ఇందాక చెప్పానే, నెగటివ్ ఎక్కువ వెలుగు తట్టుకుంటుందని, ఆ గుణం మీద బతికే అందం అది. వాళ్ల పెళ్లి సాయంత్రం నాలుగింటికి చెట్టు కింద. మన పెళ్లి అర్ధరాత్రి ఊదా లైటు కింద. ఫిలిం పగటి వెలుగుకు తయారు చేసింది, దానికి వైట్ బ్యాలెన్స్ బటన్ లేదు. 400 స్పీడు అంటే 400, నా డిజిటల్ 6400లో హాయిగా తీస్తుంటే. కాబట్టి ముహూర్తం ఫిలింలో తీస్తానని ఎవరికీ మాటివ్వకండి. పెళ్లికూతుర్ని చేసేది ఉదయం పూట పెరట్లో, నలుగు, మంగళస్నానం, అక్కడ రెండు రీళ్లు తీయండి, బ్రహ్మాండంగా ఉంటుంది, అది నేనూ తీస్తున్నా, ఇష్టంగా తీస్తున్నా. రీలు ఖర్చు, కడిగే ఖర్చు, స్కానింగ్, అన్నీ విడిగా రాసి ముందే తీసుకోండి. డిజిటల్ కూడా పక్కన నడుస్తుండాలి. విమానంలో వెళ్తుంటే రీళ్లు లగేజీలో వేయకండి, స్కానర్లలో పొగబారుతుంది, చేత్తో పట్టుకెళ్లి చేత్తో చూడమని అడగండి.

నెగటివ్ విషయంలో ఒక్క మాట ఒప్పుకుంటా. 1990ల నెగటివ్‌లు నా దగ్గర ఇనప్పెట్టెలో ఉన్నాయి, కొన్ని తేమకు అతుక్కుపోయాయి, చాలావరకు బాగున్నాయి, నిరుడు కూడా ఒకాయనకి ప్రింటు తీసిచ్చా. 2007 నాటి పెళ్లిళ్లు ఉన్న హార్డ్ డిస్క్ మాత్రం తిరగడం లేదు, టక్ టక్ మంటుంది. అప్పట్లో కాపీ ఒకటే ఉంచాను. ఇప్పుడు మూడుంచుతున్నా, ఒకటి మా చెల్లెలి ఇంట్లో.

ఆ తాళి ఫోటో వాళ్లున్నారే, వాళ్లమ్మాయి పెళ్లి 2022లో నాకే ఇచ్చారు. ముహూర్తానికి ముందు ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, ఈసారైనా తాళి కట్టకముందు తీయి" అంది. (నవ్వులు, చప్పట్లు) నేనేం మాట్లాడలేదు, కెమెరా మూత తీసి రెండు కార్డులు చూపించా. ఆవిడకి అర్థం కాలేదనుకోండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ఒక అమ్మాయి: సార్, నేను ఇప్పుడే మొదలుపెడుతున్నాను. నా దగ్గర చిన్న సెన్సర్ కెమెరా, 50 లెన్సు ఉన్నాయి. పెళ్లి ఒప్పుకోవచ్చా?)

ఒంటరిగా ఒప్పుకోకు తల్లీ. ఇంకొకరి పక్కన రెండో కెమెరాగా వెళ్లు, పది పెళ్లిళ్లు వెళ్లు. ఆ 50 నీ బాడీ మీద 75 లాగా పడుతుంది, అంటే మొహాలకు చాలా బాగుంటుంది. ఆడవాళ్ల గదిలో, అలంకరణ జరిగే చోట మమ్మల్ని గుమ్మం దాటనివ్వరు, నువ్వు వెళ్లగలవు, ఆ ఫోటోలు మా ఎవరి దగ్గరా లేవు. కొత్త బాడీ తర్వాత, ముందు ఒక మంచి ఫ్లాష్ కొనుక్కో.

(ఒకతను: సార్, మా వైపు సముద్రపు గాలి, లెన్సులకి బూజు పడుతోంది.)

పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి, అదే బూజుకు ఇల్లు. మూత బిగువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, రంగు మారినప్పుడల్లా వేయించి మళ్లీ వేయండి. వారానికి రెండుసార్లు బయటికి తీసి వాడండి, మూఢంలో కూడా. పని లేని నెలల్లోనే బూజు పడుతుంది. పాత లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడండి, సాలెగూడులా కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఇంకా? ఏం బాబూ, చేతిలో ఏంటది? సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నావా? డబ్బు ఇచ్చేశావా ఇంకా లేదా? ఇవ్వలేదా, మంచి పని చేశావ్, ఇటు తీసుకురా. ఊఁ. రబ్బరు వదులైంది, అది పర్లేదు, అతికించొచ్చు. ఫ్లాష్ పెట్టే గాడి అరిగింది చూడు, ఇది పెళ్లిళ్లు చేసిన కెమెరానే, ఇంట్లో వాడిందని చెప్పాడా నీకు? ఉండు, ఒకటి తీసి షట్టర్ లెక్క చూద్దాం. కార్డేది? కార్డు లేకుండా తెచ్చావా! (నవ్వులు) సరే, సరే, నవ్వకండయ్యా. నా చొక్కా జేబులో ఉంది, పట్టు.